పని మీద ఇంగ్లండ్ వెళ్తే రాత్రి భోజనం పబ్బులో చేయండి, తాగకపోయినా

వ్యాపారం పని మీద ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకు హోటల్లో రోజు ఎలా గడుస్తుంది, తాగే అలవాటు లేనివాళ్లు పబ్బులో భోజనం చేయొచ్చా అని నన్ను కొందరు అడిగారు. చేయొచ్చు. అసలు అక్కడే చేయాలంటాను. నాకూ మందు అలవాటు లేదు. ఉండేది హనుమకొండలో, పని చేసేది కరీంనగర్ దగ్గర గ్రానైట్ ఎగుమతి చేసే ఒక కంపెనీలో. పంపిన సరుకు మీద ఏదైనా పేచీ వస్తే పెట్టె సర్దుకుని వెళ్లాల్సింది నేనే. కాబట్టి నేను చూసినవి లండన్ నడిబొడ్డు హోటళ్లు కావు. ఊరి బయట, హైవే పక్కన, చుట్టూ కార్ పార్కింగ్ తప్ప ఇంకేమీ లేనివి.

రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. చలికాలంలో మనకూ వాళ్లకూ ఐదున్నర గంటల తేడా. ఇక్కడ తొమ్మిదిన్నరకు ఆఫీసు తాళం తీయగానే మావాళ్లకు నేను గుర్తొస్తాను. ‘అన్నా, పండుకున్నవా?’ అని అడిగి మరీ లెక్కలు మొదలుపెడతారు. ఇక నిద్ర ఎక్కడిది? గదిలో కెటిల్, టీ బ్యాగులు ఉంటాయి. బుల్లి డబ్బాల్లో పాలు ఉంటాయి, నాలుగు డబ్బాలు ఒంపినా టీ మన టీలా కాదు. బాత్రూంలో మగ్గు ఉండదు. ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకెళ్లండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. చాలాచోట్ల బాత్రూం లైటుకు గోడ మీద స్విచ్ కూడా ఉండదు, పైనుంచి వేలాడే తాడు లాగాలి. ఎర్రతాడు కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు, అది ఆపదలో సాయానికి పిలిచే అలారం. కిటికీ జానెడు తెరుచుకుంటే అదృష్టమే.

పొద్దున టిఫిన్ హోటల్లోనే గట్టిగా లాగించాలి. గుడ్లు, పుట్టగొడుగులు, కాల్చిన టమాటా, తియ్యటి సాసులో బీన్స్ ఉంటాయి. నల్లటి బిళ్లల్లా కోసిపెట్టే బ్లాక్ పుడ్డింగ్‌ను పంది రక్తంతో చేస్తారు. మేక నెత్తురుతో చేసే నల్ల ఫ్రై ఇష్టంగా తినే మా జమ్మికుంట తమ్ముడు కూడా దాని జోలికి పోలేదు.

పగలంతా పనిలో పోతుంది. కష్టమంతా సాయంత్రమే. నవంబరులో నాలుగు దాటగానే చీకటి పడుతుంది, ఐదింటికల్లా మా రాయి కొన్నవాళ్ల యార్డు మూసేస్తారు. పడుకునేదాకా ఏం చేయాలి? మనవాళ్లు చేసేది గదిలో కూర్చోవడం. కప్పు నూడుల్స్ తింటూ ఫోన్ చూడటం. కొందరైతే చిన్న కుక్కర్ కూడా మోసుకెళ్తారు. ఒక రాత్రి పక్క గదిలో ఒక తెలుగాయన పప్పుకు పోపు పెట్టాడు. ఫైర్ అలారం మోగింది. హోటల్ మొత్తం నైట్ డ్రెస్సుల్లో, ఆ చలిలో, పార్కింగ్‌లో నిలబడింది. ఆయన కూడా మాతోపాటే నిలబడి ‘ఎవరండీ ఈ పని చేసింది?’ అని నన్నే అడిగాడు. చేతికి ఆవాల వాసన కొడుతూనే ఉంది.

తిండి మోసుకెళ్లేవాళ్లకు ఇంకోమాట. సకినాలు, నూనె పచ్చళ్లు సరే. మన దేశం నుంచి మాంసం, పాలతో చేసినవి బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదు. నెయ్యి, పాలకోవా అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అత్తగారు ప్రేమగా కట్టించిన మటన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి.

ఇండియన్ రెస్టారెంట్ లేదా అంటారేమో. ఉంటుంది, టాక్సీకి అయ్యే ఖర్చు భోజనానికి అయ్యేదాన్ని మించుతుంది. అక్కడ ఇండియన్ అని బోర్డు పెట్టుకున్నవాటిలో చాలావరకు బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్లు నడిపేవే. వాళ్ల వంటకు వంక పెట్టను. కానీ పచ్చిపులుసు కోసం వెళ్లి తియ్యటి టిక్కా మసాలా తిని రావడం దేనికి?

పబ్బు అనగానే హైదరాబాద్‌లో చెవులు పగిలే పాటలు, ఎర్రలైట్లు గుర్తొస్తాయి. ఇంగ్లండ్ పల్లెల్లో, చిన్న ఊళ్లలో పబ్బు అది కాదు. మా ఊరి కల్లు మండువా లాంటిది. ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, కుక్కలు, అందరూ వస్తారు. 2007 నుంచి లోపల పొగ తాగడం నిషేధం, కాబట్టి ఆ బాధ కూడా లేదు. టేబుల్ నంబరు గుర్తుపెట్టుకుని, మీరే కౌంటర్ దగ్గరికెళ్లి చెప్పి, డబ్బులు అక్కడే కట్టేసి రావాలి. లైను కనిపించదు గానీ ఎవరు ముందు వచ్చారో కౌంటర్ వెనకున్న మనిషికి తెలుసు. చెయ్యి ఊపకండి. చాలాచోట్ల తొమ్మిదింటికే వంటగది కట్టేస్తారు, ఎనిమిదిలోపే వెళ్లండి.

నన్ను మొదట పబ్బుకు తీసుకెళ్లింది మా సరుకు కొన్న పెద్దాయన, అదీ ఇద్దరం గొడవపడిన రోజునే. కిచెన్ ప్లాట్‌ఫారాల కోసం టాన్ బ్రౌన్ పలకలు పంపాం. చాక్లెట్ రంగు మీద నల్లటి మచ్చలుండే రాయి, మా కరీంనగర్‌దే. ఒక పలకలో పగులు ఉందని ఆయన క్లెయిమ్ పెట్టాడు. యార్డులో పలక మీద నీళ్లు పోసి ఆరనిచ్చాం. పగులుంటే చుట్టూ ఆరిపోయాక కూడా ఆ గీత తడిగా, నల్లగా కనిపిస్తుంది. సన్నగా, వెంట్రుక మందాన కనిపించింది. అది రాయితో పుట్టిన గీత అని నేను, దారిలో పగిలిందని ఆయన. పోర్టు నుంచి తెచ్చేటప్పుడు మీవాళ్లే పగలగొట్టారని నేను కూడా ఒక మాట అనేశాను. చీకటి పడింది. ఇక హోటల్‌కు దింపేస్తాడనుకుంటే ‘ఆకలిగా ఉందా?’ అన్నాడు.

పబ్బులో ఫైర్‌ప్లేస్ పక్కన టేబుల్. ఆయన, యార్డు ఫోర్‌మన్, ఫోర్‌మన్ కుక్క. నాకు లైమ్ సోడా చెప్పాను. ఎందుకు తాగవు, ఒక్కటి తాగితే ఏమవుతుంది అని ఎవరూ అడగలేదు. మా బంధువుల పెళ్లిలో ఈ మర్యాద ఉందా చెప్పండి. కుక్క వచ్చి నా బూటు మీద తల పెట్టి పడుకుంది. పలక మాట ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి ఫోర్‌మన్, అంతంత పెద్ద బ్లాకులు క్వారీలో ఎలా కోస్తారని అడిగాడు. గ్లాసు కింద పెట్టే అట్టముక్క తిప్పి పెన్నుతో గీశాను. రాయిని కోసే డైమండ్ వైర్ ఎక్కడ దూరుతుందో, బ్లాకు నుంచి పలకలు వరుసగా ఎలా వస్తాయో, ఒక్కోదానికి నంబరు ఎలా వేస్తామో చూపించాను. ఒక మూల తడిసి సిరా పాకింది. గీస్తుంటే నోటికి వచ్చేసింది: ‘పుట్టుకతో వచ్చిన గీత అయితే ఒక్క పలకలో ఆగదు. ముందు నంబరులో, తర్వాతి నంబరులో కూడా కొంచెం జరిగి కనిపిస్తుంది. దారిలో పగిలితే ఆ ఒక్కదానిలోనే ఉంటుంది.’ యార్డులో అరగంట అరిచినా ఈ మాట చెప్పడానికి సందు దొరకలేదు. పెద్దాయన ఆ అట్టను జేబులో పెట్టుకుని మళ్లీ వాతావరణం గురించి మాట్లాడాడు.

మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్ కట్ట విప్పించి పక్క పలకలు తడిపాడు. రెండింటిలో గీత ఉంది, ఒకదానికంటే ఒకటి కాస్త జరిగి. మూడోదానిలో లేదు. అంటే అది రాయితో పుట్టిన గీతే. అయినా ఒక పలకకు డబ్బు తగ్గించాం, మిగతావి ఆయన ఉంచుకున్నాడు. ఎగుమతి పేచీల్లో సగం ఈమెయిళ్లు ఆపేసి ఒక పూట కలిసి తింటే తీరిపోతాయి. దీనికి లెక్కలు చూపించమంటే నా దగ్గర లేవు, అయినా నా మాట నమ్మండి.

తిండి సంగతి చెప్పాలి కదా. చేపా చిప్స్ చెప్పుకోండి, చిప్స్ అంటే అక్కడ లావుగా కోసి వేయించిన ఆలుగడ్డ ముక్కలు. కాడ్ గానీ హాడక్ గానీ ఇస్తారు, పక్కన మెత్తగా ఉడికిన బఠానీ, పైన చల్లుకోవడానికి వెనిగర్. కారం ఉండదు, అడిగితే చిల్లీ సాస్ ఇవ్వొచ్చు. బీఫ్ తిననివాళ్లు ఒకటి గమనించండి: అలర్జీలు తెచ్చే 14 పదార్థాల గురించి అక్కడ చట్టప్రకారం చెప్పాలి గానీ అందులో మాంసాలు లేవు. పైగా కొన్నిచోట్ల, ముఖ్యంగా ఉత్తరాన, చిప్స్ బీఫ్ కొవ్వులో వేయిస్తారు. ఏ నూనెలో వేయించారని నేరుగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. శాకాహారులకు మెనూలో గుర్తు ఉంటుంది.

ఇక తిరిగొచ్చాక మీ అకౌంట్స్ వాళ్లకు సిద్ధంగా ఉండండి. నేను పెట్టిన బిల్లు మీద చేప, బఠానీ, లైమ్ సోడా అని స్పష్టంగా రాసి ఉంది. పైన మాత్రం పబ్బు పేరు, పక్కన ఎర్రసింహం బొమ్మ. మా అకౌంటెంట్ ఆ కాగితాన్ని రెండువేళ్లతో పట్టుకుని ‘మందు బిల్లులు కంపెనీ ఇయ్యదు సార్’ అన్నాడు. కింద చదువమన్నాను. ‘నాకు తెల్వదా సార్, చేపతోని ఏం తాగుతరో’ అన్నాడు. ఆ డబ్బులు ఇంకా రాలేదు.