హార్డ్ డిస్క్ పాడైందని పాత తేదీతో రాసివ్వమంటున్నారు, ఇవ్వొచ్చా?

ప్రశ్న: నాది గుంటూరు అరండల్‌పేటలో సీసీ కెమెరాల షాపు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు), జీఎస్టీ రెండూ ఉన్నాయి. ఏడాదిన్నర కిందట రాతపూర్వక ఆర్డర్ మీద ఒక పోలీస్ స్టేషన్‌లో 12 కెమెరాలు, 4 టీబీ డిస్క్‌తో రికార్డర్ బిగించాను. ఏఎంసీ (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) కూడా నాదే. తర్వాత అక్కడి అధికారి నోటిమాటగా చెబితే ఇంకో నాలుగు కెమెరాలు పెట్టాను. వాటికి ఆర్డర్ కాగితం లేదు. మొదటి బిల్లులో సగం, రెండో బిల్లు మొత్తం ఇంకా రాలేదు. ఈమధ్య ఎవరో తనను ఆ స్టేషన్‌లో కొట్టారని ఫిర్యాదు చేశారట. ఆ వారం ‘హార్డ్ డిస్క్ పనిచేయలేదు’ అని పాత తేదీ వేసి సర్వీస్ రిపోర్ట్ ఇమ్మని స్టేషన్ రైటర్ ఫోన్ చేస్తున్నారు. ఇస్తే బిల్లు కదులుతుందంటున్నారు. ఇవ్వకపోతే నా పేరు కేసులోకి వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇవ్వకండి. బిల్లు ఎంత పెద్దదైనా సరే, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇప్పుడు మీ పేరు ఏ కేసులోనూ లేదు. ఆ సంతకంతోనే వస్తుంది.

జరగని లోపాన్ని జరిగినట్టు రాసి, అది కోర్టులో సాక్ష్యంగా చూపడానికి ఇస్తే భారతీయ న్యాయ సంహిత 228 సెక్షన్ కింద దొంగ సాక్ష్యం తయారుచేసినట్టే. కోర్టు విచారణలో వాడటానికైతే 229 ప్రకారం ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా రాకుండా చెరిపేయడం 241 సెక్షన్ కింద వేరే నేరం. ‘సార్ చెప్పారు, రాశాను’ అంటే కోర్టు వినదు. పైగా చాలా రికార్డర్లలో డిస్క్ లోపం, ఫార్మాట్, తేదీ మార్పు ఎప్పుడు జరిగాయో లాగ్‌లో, అంటే యంత్రం తనంతట తానే రాసుకునే చిట్టాలో పడుతుంది. ఆ లాగ్‌లో లేని లోపం మీ రిపోర్ట్‌లో కనిపిస్తే ముందు ఎవరిని ప్రశ్నిస్తారో మీకే తెలుసు.

అసలు ఆ కెమెరాలు అక్కడికి ఎందుకొచ్చాయో చెప్పాలి. మీలాంటి సరఫరాదారుల్లో చాలామంది దీన్ని మామూలు ఆఫీసు ఆర్డర్ లాగే చూస్తున్నారు, ఇబ్బంది అక్కడే మొదలవుతోంది. మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న పోలీసు సంస్కరణలపై ఏడు ఆదేశాలిచ్చింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినే ప్రత్యేక అథారిటీ అందులో ఒకటి. కానీ లాకప్‌లో దెబ్బలు తిన్న మనిషికి సాక్షి ఎవరు? నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లంతా యూనిఫాంలో ఉన్నవాళ్లే కదా. అందుకే 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టి తీరాలంది. గేటు, లాకప్, వరండా, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వెనక వైపు, మరుగుదొడ్ల బయట, ఇలా ఏ మూలా వదలకూడదంది. మాట కూడా రికార్డవ్వాలి, చీకట్లోనూ కనిపించాలి. గాయపడిన వ్యక్తి మానవ హక్కుల కమిషన్‌కు గానీ కోర్టుకు గానీ వెళితే వాళ్లు వెంటనే ఆ ఫుటేజీ తెప్పించుకోవచ్చు. అంటే మీరు బిగించింది ఆ స్టేషన్‌లో యూనిఫాం వేసుకోని ఒకే ఒక్క సాక్షిని.

మరి ఆ యంత్రం పాడైతే బాధ్యత ఎవరిది? అదే తీర్పు దీనికి సూటిగా జవాబిచ్చింది. కెమెరాల పనితీరు, నిర్వహణ, రికార్డింగ్ బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దే, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారిదే. లోపం వస్తే ఆయన వెంటనే జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీకి తెలపాలి. కెమెరాలు పనిచేయని రోజుల్లో స్టేషన్‌లో ఎవరిని అరెస్టు చేశారో, ఎవరిని విచారించారో ఆ వివరాలూ కమిటీకి పంపాలి. ఆ కమిటీలో కలెక్టర్, ఎస్పీ ఉంటారు. మిమ్మల్ని పాత తేదీతో అడగడానికి కారణం ఇదే కావచ్చని నా అనుమానం. లోపం నిజంగా వచ్చి ఉంటే ఆ రోజే కమిటీకి రిపోర్ట్ వెళ్లి ఉండాలి. వెళ్లలేదు కాబట్టి ఇప్పుడు మీ కాగితం కావాలి.

ఇక మీకు కాస్త కష్టంగా అనిపించే విషయం. ఫుటేజీ 18 నెలలు ఉండాలని, అంత నిల్వ సాధ్యం కాకపోతే కనీసం ఏడాదికి తగ్గకూడదని ఆ తీర్పు అంది. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) మీద రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ. మీ 12 కెమెరాలకు 4 టీబీ డిస్క్ దాదాపు 15 రోజులకు నిండుతుంది. తర్వాత పెట్టిన నాలుగు కలిస్తే పదకొండున్నర రోజులకే నిండి, పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. 16 కెమెరాలకు 18 నెలలంటే సుమారు 190 టీబీ కావాలి. ఆర్డర్‌లో 4 టీబీ అనే ఉంటే తప్పు మీది కాదు, కొన్నవాళ్లది. కానీ మీ ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్‌లో ‘సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం’ అని రాసి ఉంటే ఆ మాటకు మీరు జవాబు చెప్పుకోవాలి. ఆ సర్టిఫికెట్ కాపీ వెంటనే తీసి చూడండి. ఇకపై ఏ కొటేషన్ ఇచ్చినా ‘ఈ డిస్క్‌తో ఇన్ని రోజులే నిల్వ ఉంటుంది’ అని రాయండి. టెండర్ పోతుందేమోనని భయపడకండి. ఆ ఒక్క వాక్యమే రేపు మిమ్మల్ని కాపాడుతుంది.

‘డిస్క్ పాడైంది’ వేరు, ‘డిస్క్ నిండి పాతది చెరిగిపోయింది’ వేరు. మొదటిది యంత్రం లోపం, రెండోది నిల్వ సరిపోని ఏర్పాటు. రెండోది నిజమైతే ఎవరడిగినా అదే చెప్పండి. సాక్షిగా పిలిస్తే వెళ్లి ఉన్నది చెప్పి రండి. సాక్షిగా బోనెక్కితే ముద్దాయి అయిపోరు.

బిల్లుల సంగతి. ఆర్డర్ ఉన్న మొదటి బిల్లుకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం అండగా ఉంది. ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా సరుకు అందాక 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. కొన్నది ప్రభుత్వ శాఖ అయినా సరే, ఈ చట్టం కింద బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే దరఖాస్తు విధానం చెబుతారు. అయితే మీ ఉద్యమ్ నమోదు ఆర్డర్ కంటే ముందు తేదీతో ఉందో లేదో చూసుకోండి, అవతలివాళ్లు మొదట లేవనెత్తేది అదే. సరుకు, బిగింపు కూలి కలిపి ఒకే మొత్తంగా బిల్లు వేస్తే ‘ఇది వర్క్స్ కాంట్రాక్టు (సరుకు, పని కలిసిన ఒప్పందం), ఈ చట్టం వర్తించదు’ అనే అభ్యంతరమూ వస్తుంది. విడివిడిగా చూపడం మంచిది.

నోటిమాట మీద పెట్టిన నాలుగు కెమెరాలకు దారి వేరు. రాజ్యాంగం 299 అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం గవర్నర్ పేరిట, రాతపూర్వకంగా, అధికారం ఉన్న వ్యక్తి సంతకంతో ఉండాలి. ఇన్‌స్పెక్టర్ మాట ఒప్పందం కాదు. అంతమాత్రాన డబ్బు మునిగిపోయినట్టూ కాదు. ఊరికే ఇవ్వాలనే ఉద్దేశం లేకుండా ఇచ్చిన వస్తువును అవతలివారు తీసుకుని వాడుకుంటే, కాంట్రాక్టు చట్టం 70 సెక్షన్ కింద దాని విలువ చెల్లించాలి. బి.కె.మండల్ కేసులో 1961 చివర్లోనే సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని ప్రభుత్వానికి కూడా వర్తింపజేసింది. అక్కడ మీ బలమంతా రుజువులోనే. డెలివరీ చలాన్ మీద సంతకం, స్టేషన్ స్టాక్ రిజిస్టర్‌లో ఎంట్రీ, వాట్సాప్ సందేశాలు, జీఎస్టీ ఇన్‌వాయిస్ ఏది దొరికినా దాచండి. సివిల్ దావాకు ముందు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 80 సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. మొత్తానికి దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు (లిమిటేషన్) దాటనివ్వకండి.

బిల్లు కదలాలంటే డబ్బులు కూడా అడిగితే ఇవ్వకండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవారూ నేరస్థులే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే రక్షణ. ఏసీబీ నంబర్ 1064. కోపంతో మిమ్మల్ని బ్లాక్‌లిస్టులో పెడతారన్న భయం ఉంటే, సంజాయిషీ నోటీసు ఇవ్వకుండా అలా చేస్తే నిలవదు. నేలపాడులోని హైకోర్టులో రిట్ వేయొచ్చు.

మీ ఫోన్‌లో ఆ రికార్డర్ యాప్ ఇంకా లాగిన్‌లో ఉందా? ఉంటే ఫుటేజీ చూడకండి, కాపీ చేసుకోకండి, ఎవరికీ పంపకండి. కాంట్రాక్టు పనిలో చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని బయటపెడితే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ మీ మీదే పడుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ రాతపూర్వకంగా స్టేషన్‌కు అప్పగించి, మీకు సర్వీస్‌కు వేరే ఐడీ పెట్టించుకోండి. అందరూ ఒకే ‘అడ్మిన్’ ఐడీ వాడితే ఎవరు చెరిపారో లాగ్ కూడా చెప్పలేదు.

ఇవన్నీ తర్వాత. ఈ రోజే స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఒక ఉత్తరం రాయండి. ఫోన్‌లో అడిగిన తేదీల్లో డిస్క్ లోపం గురించి మీకు ఏ ఫిర్యాదూ రాలేదని, మీరు మరమ్మతు చేయలేదని రాయండి. అది నిజమైతేనే సుమా. 16 కెమెరాల మీద ఆ డిస్క్ దాదాపు పదకొండు రోజులకే తిరిగి రాసుకుంటుందని, కావలసిన ఫుటేజీ ఉంటే వెంటనే డిస్క్ తీసి భద్రపరచాలని కూడా రాయండి. కాపీలు కలెక్టర్‌కు, ఎస్పీకి పంపండి. స్పీడ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. ఆ ఫిర్యాదుదారు చెబుతున్న రోజు ఇంకా డిస్క్‌లో ఉందో లేదో మీకూ నాకూ తెలియదు. ఉంటే మాత్రం అది చెరిగిపోవడానికి ఎన్నో రోజులు లేవు. బిల్లు కాగితాలు రేపు వెతుక్కోవచ్చు, పోస్టాఫీసు మూసేలోపు ఈ ఉత్తరం పంపండి.