లేక్ ఫోర్క్ వెళ్ళే తమ్ముళ్ళూ, ముందు కొలిచే టేపు కొనుక్కోండి

డాలస్ కొత్తగా వచ్చినోళ్ళు ఎండలు మొదలవగానే అడిగేది ఒకటే, అన్నా గాలం వెయ్యడానికి లేక్ ఫోర్క్ చెరువుకి వెళ్తున్నాం, పట్టిన చేప ఇంటికి తెచ్చుకోవచ్చా అని. తెచ్చుకోవచ్చు, కానీ కొలిచాకే. అక్కడ లార్జ్‌మౌత్ బాస్ (అందరూ పట్టే పెద్దనోటి చేప) 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉంటే వదిలేయాల్సిందే. 16 కంటే చిన్నవి ఉంచుకోవచ్చు, 24 దాటింది రోజుకి ఒక్కటే, అన్నీ కలిపి ఐదు. నాకైతే మొదట్లో తిక్క రూల్ అనిపించింది, మన చెరువు దగ్గర పిల్ల చేపని వదిలి పెద్దది బుట్టలో వేస్తాం కదా, ఇక్కడ రివర్స్. కానీ గుడ్లు పెట్టేవీ, రేపు పదమూడు పౌండ్లకి ఎదగాల్సినవీ ఆ మధ్య సైజువే మరి.

నా ఫస్ట్ చేప 18 అంగుళాలుంది, పులుసు ఊహించుకుంటూ ఐస్ బాక్స్ మూత తీశానో లేదో పక్కన గాలం వేసుకున్న పెద్దాయన కేకేసుకుంటూ వచ్చాడు. ఫైన్ తప్పించింది ఆయనే. చేతులు తడుపుకుని పట్టుకోమన్నాడు, పొడి చేత్తో పడితే ఒంటిమీద జిగురు ఊడి చేపకి జబ్బు చేస్తుందంట. నోరు మూసి, తోక దగ్గరికి నొక్కి కొలవాలి. కింది పెదవి బొటనవేలితో పట్టుకుంటాం కాబట్టి సాయంత్రానికి వేలు గరుక్కాగితంతో రుద్దినట్టు అయిపోతుంది.

ఆఫీసోళ్ళు చేపల టోర్నమెంట్‌కి రమ్మంటే వెళ్ళండి, కాకపోతే ఫోటో తీసి అక్కడికక్కడే వదిలేసే రకం చూసుకోండి. బాస్ టోర్నమెంట్లు నడిపిన రే స్కాట్ 1972లోనే పట్టిన చేపని చంపొద్దని మొదలెట్టాడు గానీ, జూలై ఎండలో తూకం దాకా పడవ ట్యాంకులో గంటలకొద్దీ ఉంచితే నీళ్ళు వేడెక్కి ఆక్సిజన్ తగ్గి, వదిలాక రెండ్రోజులకి చచ్చేవి కూడా ఉంటాయి. బాస్ ప్రో టూర్ అనే పెద్ద పోటీల్లో ఇప్పుడు పడవలోనే తూచి వెంటనే వదిలేస్తున్నారు, నాకు నచ్చింది అదే.

జనవరి నుంచి మార్చి లోపు 13 పౌండ్లు దాటిన బాస్ పడితే మాత్రం షేర్‌లంకర్ (పెద్ద బాస్‌లతో పిల్లల్ని పెట్టించే టెక్సస్ ప్రభుత్వ స్కీమ్) వాళ్ళకి ఫోన్ కొట్టండి, 1986 నుంచి ఉంది, వాళ్ళే వచ్చి ఏథెన్స్‌లోని హేచరీకి (చేపపిల్లల్ని పెంచే చోటు) తీసుకెళ్ళి గుడ్లు పెట్టిస్తారు (గ్రీసుది కాదు, టెక్సస్‌దే).

17 ఏళ్ళు నిండితే గాలం వెయ్యడానికి లైసెన్స్ కావాలి, టెక్సస్‌కొచ్చి ఆర్నెల్లు దాటకపోతే నాన్ రెసిడెంట్ రేటు పడుద్ది. లైసెన్స్‌కి డబ్బులెందుకంటే టెక్సస్‌లో ఏదైనా స్టేట్ పార్క్ లోపలి గట్టున కూర్చోండి, అక్కడ లైసెన్సే అక్కర్లేదు. పులుసుకైతే క్యాట్‌ఫిష్ పట్టండి, దాని రూల్స్ వేరు, అవి కూడా చూసుకుని వెళ్ళండి. చింతపండు కాస్త ఎక్కువేయండి, మట్టి వాసన పోద్ది.