చిన్నీ, ఆ మెజిస్ట్రేట్ జడ్జి అప్లికేషన్ గురించి

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి "మన చిన్ని జడ్జి అయిపోతోందక్కా" అంది. ఏ జడ్జి అనడిగితే తెలీదు. తెనాలిలో మీ మేనత్తకి మాత్రం అప్పటికే చెప్పేసింది. నీకే ఫోన్ చేద్దామనుకున్నా గానీ, నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకని రాస్తున్నాను. ఇక్కడ అమెరికా ఫెడరల్ కోర్టులో జడ్జి బల్లకి దిగువన కూర్చుని, కేసులు పిలిచి, సాక్షుల చేత ప్రమాణాలు చేయించి రిటైరైనదాన్ని. నీకు తెలిసినంత చట్టం నాకు తెలీదు. జడ్జీలు తెలుసు.

సంతోషంగానే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు, అది ఒక్క సంతోషం వల్లే కాదు.

ముందు చిన్న విషయాలు. సెలక్షన్ ప్యానెల్‌లో లాయర్లు కానివాళ్ళూ ఉంటారు, వాళ్ళకి అర్థమయ్యేట్టు మాట్లాడు. ప్యానెల్ ఐదు పేర్లు పంపితే మీ కోర్టు డిస్ట్రిక్ట్ జడ్జీలు, అంటే మెజిస్ట్రేట్ జడ్జికి పైవాళ్ళు, ఓటేసి ఒకరిని తీసుకుంటారు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ వాళ్ళు, టాక్సుల వాళ్ళు వస్తారు, కాబట్టి పాత రిటర్న్‌లు తీసి పెట్టుకో. పదవి ఎనిమిదేళ్ళు, మళ్ళీ ఇవ్వొచ్చు. జీతం డిస్ట్రిక్ట్ జడ్జి జీతంలో 92 శాతం.

మీ అమ్మకి మాత్రం నువ్వే నచ్చజెప్పు, ఇది జీవితాంతం ఉండే ఉద్యోగం కాదని. జీవితాంతం ఉండేది డిస్ట్రిక్ట్ జడ్జి పదవి, ప్రెసిడెంట్ పేరు పంపి సెనేట్ ఒప్పుకుంటే వచ్చేది. దానికి రిటైర్మెంట్ వయసే లేదు. కాన్సాస్‌లో వెస్లీ బ్రౌన్ గారిని 1962లో కెనడీ వేస్తే, 2012లో 104 ఏళ్ళ వయసులో పోయేదాకా జడ్జిగానే ఉన్నారు. మెజిస్ట్రేట్ నుంచి ఆ కుర్చీకి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు, నీ మనసులోనూ అదే ఉందని నాకు తెలుసు. ఉండనీ. ఇంటర్వ్యూలో మాత్రం బయటపెట్టకు. రెండేళ్ళలో వెళ్ళిపోయే మనిషిని తీసుకోవడానికి ఎవరూ ఉత్సాహపడరు.

అల్లుడి కంపెనీ ఇచ్చిన షేర్ల సంగతి ఇప్పుడే తేల్చుకోండి. అతని పేరున ఒక్క షేరున్నా ఆ కంపెనీ కేసు నువ్వు ముట్టుకోకూడదు. మ్యూచువల్ ఫండ్ అయితే ఫర్వాలేదు. ఇంకోటి, మన తెలుగు సంఘాల వాళ్ళు. నీకు పదవి వచ్చిన మర్నాడే శాలువాతో వస్తారు. చందాలు పోగుచేసే డిన్నర్‌కి వెళ్ళి భోంచేసి రావచ్చు గానీ, ముఖ్య అతిథిగా స్టేజీ ఎక్కకూడదు, మైకు పట్టుకోకూడదు. గుడి కోసమైనా అంతే. పొగరెక్కిందంటారు. అననీ.

ఇక అసలు సంగతి.

నేను పనిచేసిన ఒక జడ్జిగారి పేరు రాయను. మంచి మనిషి, ఫైలు చదవకుండా బెంచి ఎక్కింది నేను చూడలేదు. ఒకరోజు మన గోదావరి జిల్లా అబ్బాయి ఒకడు నేరం ఒప్పుకోవడానికి వచ్చాడు. దొంగ కాగితాల కేసు. ఇంగ్లీషు వచ్చా అంటే వచ్చన్నాడు. హోటల్లో ఆర్డర్ తీసుకునేంత వచ్చు. ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదని లాయరూ అన్నాడు. జడ్జిగారు ప్రశ్నలు మొదలుపెట్టారు. జ్యూరీ ముందు విచారణ కోరే హక్కు వదులుకుంటున్నావు, అర్థమైందా? "యెస్, యువర్ ఆనర్." శిక్ష ఎంత పడొచ్చో తెలుసా? "యెస్, యువర్ ఆనర్." ఒప్పుకోమని నిన్ను ఎవరైనా బెదిరించారా? "యెస్, యువర్ ఆనర్."

లాయరు మోచేత్తో పొడిచాడు. అబ్బాయి కంగారుపడి "నో, నో" అన్నాడు. కోర్టులో అందరూ నవ్వారు, జడ్జిగారు కూడా. వాడు కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండా.

మనవాళ్ళం తల ఎలా ఊపుతామో నీకు తెలుసు కదా. ఆ ఊపు అర్థమైందని కాదు, మీరు పెద్దవారు, మీరు చెప్తున్నారు, నేను వింటున్నాను అని. నాకు ఆగలేదు. ఈ అబ్బాయికి అర్థం కావడం లేదు, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి అని చీటీ రాసి పైకి అందించాను. జడ్జిగారు చదివి, కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూసి, చీటీ బోర్లా పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని వెతకాలంటే వాయిదా వెయ్యాలి. వెనక ఇంకా కేసులున్నాయి, మార్షల్స్ ఖైదీలను తెచ్చి కూర్చోబెట్టారు. భాష అడ్డమొస్తుంటే ఎవరూ అడక్కపోయినా జడ్జే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టొచ్చని 1978 నుంచీ చట్టం ఉంది. ఆయనకి తెలియనిది కాదు.

శిక్ష చిన్నదే పడింది. అది అయ్యాక ఇంటికి పోతానని ఆ పిల్లాడు అనుకున్నాడు. విడుదల రోజున ఇమిగ్రేషన్ వాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. పెళ్ళాం, ఇక్కడ పుట్టిన చంటిపిల్ల ఇక్కడే. నేనేం ఒప్పుకున్నానో నాకే తెలీదని పిటిషన్ వేశాడు. అలాంటిది శిక్ష వేసిన జడ్జి దగ్గరికే వస్తుంది. ఆయన ఆ రోజు ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకున్నారు. అన్నీ యెస్‌లే. తల ఊపినవి ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి ఎక్కవు కదా. కొట్టేశారు. ఆ కాగితాన్ని బట్టి చూస్తే ఆ తీర్పు తప్పని ఏ పైకోర్టూ అనదు. తప్పు జరిగింది ఆ మొదటి రోజు, ఆ నవ్వు దగ్గర.

తర్వాత 2010లో సుప్రీంకోర్టు, దేశం నుంచి పంపించేసే ప్రమాదముంటే ముందే చెప్పాల్సిన బాధ్యత లాయరుదన్నది. 2013 నుంచి జడ్జి కూడా ఆ హెచ్చరిక చదివి వినిపించాలి. బాగానే ఉంది. కానీ దానికీ "యెస్, యువర్ ఆనర్" అనొచ్చు.

అందుకని, ఊఁ కొట్టి తప్పించుకునే ప్రశ్నలు వెయ్యకు. "నేనిప్పుడు చెప్పింది నీ మాటల్లో చెప్పు" అను. టైమ్ పడుతుంది, నేను చేసిన ఉద్యోగంలో ఉండే నీ డిప్యూటీ గడియారం చూస్తుంది, చూడనీ. అరెస్టయినవాళ్ళు మొట్టమొదట చూసే జడ్జివి నువ్వే. నిద్ర ఉండదు, సంకెళ్ళతో వస్తారు, బెయిల్ ఇవ్వాలా వద్దా నువ్వే తేల్చాలి. ఇన్నాళ్ళూ పబ్లిక్ డిఫెండర్‌గా, లాయరుని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదిస్తూ, వాళ్ళ పక్కన నిలబడ్డావు కాబట్టి మొహాలు కనిపించేవి. పైన కూర్చుంటే ముందు కనిపించేది స్క్రీను. నా భయం అదే. చిన్నప్పుడు ఎదుటివాళ్ళు సగం చెప్పేలోపే నువ్వు జవాబిచ్చేసేదానివి. ఎంత చురుకో అని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళం.

ఓ వేసవి సెలవుల్లో నిన్ను మా కోర్టుకి తీసుకెళ్తే వెనక బెంచీలో కూర్చుని పులిహోర డబ్బా మూత తీశావు, గుర్తుందా? సెక్యూరిటీ ఆయన వస్తే ఒక ముద్ద ఇవ్వబోయావు. ఆ పిల్ల నల్ల గౌను వేసుకుంటుందంటే నా కళ్ళు తడుస్తాయి, ఏం చెయ్యను.

ఇంకొక్క భయం. 2020 జూలైలో న్యూజెర్సీలో జడ్జి ఎస్తర్ సాలస్ గారింటికి ఒక లాయరు డెలివరీ మనిషిలా వచ్చాడు. తలుపు తీసిన కొడుకుని కాల్చి చంపాడు, భర్తని గాయపరిచాడు. ఇరవయ్యేళ్ళ పిల్లాడు. ఆ పిల్లాడి పేరు మీద 2022లో చట్టం వచ్చింది, జడ్జీల అడ్రసులు నెట్‌లోంచి తీయించుకోవచ్చు. మీ అమ్మ మాత్రం మీ గృహప్రవేశం ఫొటో, గుమ్మం మీద ఇంటి నంబరుతో సహా, ఫేస్‌బుక్‌లో పెట్టుకుంది. నేను చెప్తే అలుగుతుంది, నువ్వు తీయించు. పదవి వచ్చాక కాదు, ఈ వారమే.

రిఫరెన్సుల్లో నా పేరు రాయకు, చుట్టాలు పనికిరారు. నీ మీద కేసు ఓడిపోయిన ప్రాసిక్యూటర్ ఎవరైనా మంచి మాట చెప్తారేమో అడుగు, అది పది పేర్ల పెట్టు. అప్లికేషన్ పంపేముందు ఒకసారి నాకు పంపు. కామాలు అచ్చం మీ నాన్న పెట్టినట్టే పెడతావు, చూసి సరిచేస్తాను.

పెద్దమ్మ