బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్న అమ్మతో నీళ్లలో వ్యాయామం చేయించవచ్చా?

అమ్మగారికి అరవై ఆరేళ్లని, బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నారని, మోకాళ్ల నొప్పులతో నడవలేకపోతున్నారని రాశారు. నీళ్లలోకి దిగితే బీపీ పెరుగుతుందేమోనని మీ భయం. నాదీ దాదాపు ఆమె వయసే. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. కొన్నేళ్లుగా వారానికి మూడు రోజులు నీళ్లలో వ్యాయామం చేస్తున్నాను. డాక్టరు సరేనంటే తప్పకుండా చేయించండి. అమ్మగారు నీళ్లలో ఉన్నంతసేపటి కంటే బయటికి వచ్చేటప్పుడు ఎక్కువ కనిపెట్టుకుని ఉండండి.

ఈత రానక్కర్లేదు. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. గట్టు మీద పది అడుగులు వేయలేని మనిషి కూడా అక్కడ ముందుకూ వెనక్కూ పక్కలకూ హాయిగా నడవగలదు. చేతులతో నీటిని ఎంత వేగంగా తోస్తే అంత గట్టిగా ఎదురొస్తుంది కాబట్టి శ్రమ ఎంతన్నది మన చేతిలోనే ఉంటుంది.

ఒంట్లో జరిగేది ఇది. నీరు కాళ్లనూ పొట్టనూ చుట్టూ నొక్కడంతో అక్కడి రక్తం అర లీటరుకు పైగా ఛాతీ వైపు చేరుతుంది. గుండె గదులు సాగుతాయి. నీరు ఎక్కువైందనుకుని శరీరం ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపే హార్మోన్లను విడుదల చేస్తుంది, బీపీని పెంచే రెనిన్‌ను తగ్గిస్తుంది. దిగిన కాసేపటికే మూత్రానికి వెళ్లాలనిపించేది అందుకే. ముందే వెళ్లి రమ్మనండి, బయటికి వచ్చాక మంచినీళ్లు తాగించండి. గుండె వైఫల్యం ఉన్నవారికి మాత్రం ఛాతీకి చేరే ఆ రక్తమే భారమవుతుంది. అలాంటిదేమైనా ఉంటే హృద్రోగ నిపుణుల అనుమతి లేకుండా దించవద్దు.

నీళ్లు 30 నుంచి 33 డిగ్రీల మధ్య, గోరువెచ్చగా ఉండాలి. చల్లటి నీళ్లలో రక్తనాళాలు బిగుసుకుని బీపీ పైకి పోతుంది. 40 డిగ్రీల వేడినీటి తొట్టెలో ఎక్కువసేపు కూర్చుంటే ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇక బయటికి రావడం. అంతసేపూ కాళ్లను నొక్కి ఉంచిన నీరు తొలగగానే రక్తం కిందికి జారుతుంది, తల తిరుగుతుంది. మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడేవారికి ఇది మరీ ఎక్కువ. మా బృందంలో ఒకావిడ గబగబా మెట్లెక్కి, పై మెట్టు మీద కళ్లు బైర్లు కమ్మి, పట్టుకున్న మెట్ల కమ్మీని వదిలేశారు. శిక్షకురాలు పక్కనే ఉండి పట్టుకోబట్టి సరిపోయింది. నేను చివరి పది నిమిషాలూ నెమ్మదిగా నడుస్తాను. మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని, నీరు నడుము దాకా ఉన్నప్పుడు ఒకసారి, మోకాళ్ల దాకా వచ్చాక మరోసారి ఆగి మడమలు పైకీ కిందికీ ఆడిస్తాను. గట్టు ఎక్కగానే బల్ల మీద కూర్చుంటాను. ఆ తర్వాతే స్నానానికి లేస్తాను.

గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే నాడి చూసి శ్రమను అంచనా వేయలేం. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. ఊపిరి బిగబట్టవద్దు, ఆ బిగింపే బీపీని పెంచుతుంది.

ఫలితం తెలుసుకోవడానికి కొలను నుంచి వచ్చిన వెంటనే బీపీ చూడకండి. వ్యాయామం తర్వాత కొన్ని గంటలపాటు అది మామూలు కంటే తక్కువగా ఉండవచ్చు. ఉదయం మాత్ర వేసుకోకముందు, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూసి రాసిపెట్టండి. నాకు 150 దగ్గర ఉండే పై అంకె కొన్ని నెలలకు 135 ప్రాంతానికి వచ్చింది. అదే సమయంలో ఉప్పు కూడా తగ్గించాను కాబట్టి ఘనతంతా నీళ్లదే అనను. అయితే మందులకు లొంగని బీపీ ఉన్న 32 మందితో బ్రెజిల్‌లో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, గోరువెచ్చని నీళ్లలో వారానికి మూడుసార్లు, గంటసేపు చొప్పున, 12 వారాలు వ్యాయామం చేసినవారికి రోజంతా కొలిచిన బీపీ బాగా తగ్గింది. నా పుస్తకంలోని అంకెలు చూసి డాక్టరే ఒక మాత్ర మోతాదు తగ్గించారు. అమ్మగారి అంకెలు తగ్గినా మీరుగా మాత్రలు ఆపవద్దు.

బీపీ 180/110 దాటిన రోజున కొలను వద్దు. మొదటిసారి వెళ్లేముందు మాత్రలన్నీ డాక్టరుకు చూపించి, వాటిలో మూత్రం పెంచేది ఏది, లేచి నిలబడినప్పుడు బీపీ పడేసేది ఏది, వ్యాయామం ఉన్న రోజుల్లో వాటిని ఏ వేళకు వేసుకోవాలి అని అడిగి రాయించుకోండి.