మూతపడ్డ కేమార్ట్ ముందు కారాపేవాళ్ల కోసం

ప్రశ్న: నాలుగేళ్లుగా అమెరికాలో, ఒహాయోలో ఉంటున్నాను. వీకెండ్ వస్తే పాత షాపింగ్ ప్లాజాలు, మూతపడ్డ డిస్కౌంట్ స్టోర్లు వెతుక్కుంటూ కారేసుకుని పోతాను. మా ఆవిడ "ఖాళీ కొట్ల ముందు నిలబడి ఏం చూస్తారండీ?" అని నవ్వుతుంది. నిజంగా అక్కడ చూడాల్సింది ఏమైనా ఉందా? అసలు ఇన్ని కొట్లు ఎందుకు మూతపడ్డాయి?

జవాబు: ఇది పిచ్చే అయితే నాకూ ఉంది కాబట్టి నా మాట ఎంత నమ్మాలో మీరే చూసుకోండి. ఈసారి వెళ్లినప్పుడు ముందు తలుపు పైనున్న గోడ చూడండి. బోర్డు ఊడదీసినా అక్షరాలు పోవు, వాటి కింద ఉన్న మేర ఎండా దుమ్మూ తగలక గోడ అసలు రంగులో ఉండిపోతుంది, చుట్టూ వెలిసిపోతుంది, బోల్టుల రంధ్రాల నుంచి తుప్పు చారలు కారుతుంటాయి. ఈ మచ్చని అక్కడివాళ్లు లేబుల్‌స్కార్ అంటారు. పొద్దున్నే ఏటవాలు ఎండలో వెళ్తే రంగేసిన గోడ మీద కూడా కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనపడదు. నేనొకసారి ఒక జిమ్ గోడ మీద ఏమ్స్ అనే పేరు చదివాను. ఏమ్స్ వాళ్లు 1988లో జెయిర్ అనే ఇంకో డిస్కౌంట్ చెయిన్‌కి చెందిన దాదాపు 400 స్టోర్లు కొన్నారు, ఆ బరువు మోయలేక 1990లో దివాలా పిటిషన్ వేశారు, తేరుకున్నారు, ఆ దశాబ్దం చివర్లో మళ్లీ హిల్స్ అనే చెయిన్‌ని కొన్నారు, 2002లో మొత్తం మూసేశారు. అంటే ఒకే గోడ మీద రెండు చచ్చిపోయిన కంపెనీలు ఉండొచ్చు. మీ ఆవిడగారిని ఒక్కసారి తీసుకెళ్లి ఇది చూపించండి, ఆ తర్వాత నవ్వితే నన్నడగండి.

ఎందుకు మూతపడ్డాయంటే అందరూ ఆన్‌లైన్ అనేస్తారు. అది సగం మాటే. కేమార్ట్, టార్గెట్, వాల్‌మార్ట్ అనే మూడు డిస్కౌంట్ చెయిన్లూ తమ మొదటి స్టోర్లు తెరిచింది 1962లోనే. కేమార్ట్ దివాలా తీసింది 2002 జనవరిలో, అప్పటికి ఆన్‌లైన్ కొనుగోళ్లు ఇంకా చిన్న పిల్లకాలువ. సరుకు వేగంగా, చవగ్గా స్టోర్‌కి చేర్చడంలో వాల్‌మార్ట్ ముందుకెళ్లిపోయింది, కేమార్ట్ పాత స్టోర్లని బాగుచేసుకోలేకపోయింది. 2005లో సియర్స్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ల చెయిన్‌తో కలిసింది, 2018లో ఆ రెండూ కలిసి మళ్లీ దివాలా. అమెరికా ప్రధాన భూభాగంలో చివరి పెద్ద సైజు కేమార్ట్, న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌హాంప్టన్‌లోది, 2024 అక్టోబర్‌లో మూతపడింది.

ప్లాజాల సంగతి వేరు. 1954లో పన్ను చట్టం మార్చి, కొత్త కమర్షియల్ బిల్డింగ్ ఖర్చుని మొదటి ఏళ్లలోనే ఎక్కువగా తరుగుదల కింద చూపించి పన్ను తగ్గించుకోనిచ్చారు. ఇంకేం, పాతదాన్ని బాగుచేసుకోవడం కన్నా ఊరి చివర పొలంలో కొత్తది కట్టడమే లాభం అయింది. ఈ ప్లాజాల్లో చాలావాటిని పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో వదిలేసినా ఫర్వాలేదన్న లెక్కలోనే కట్టారని నాకనిపిస్తుంది.

ఇంకోటి, తలుపులు మూసినా కొన్ని కంపెనీలు లీజు అద్దె కడుతూనే ఉంటాయి, పోటీవాడు ఆ చోటుకి రాకుండా. అందుకే మంచి సెంటర్లో ఉన్న బిల్డింగ్ కూడా ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటుంది. పైగా 80 వేల చదరపు అడుగుల హాలు ఎవరిక్కావాలి? టెక్సస్‌లో మెక్‌అలెన్ ఊరివాళ్లు మాత్రం పాత వాల్‌మార్ట్‌ని పబ్లిక్ లైబ్రరీ చేసేసుకున్నారు, 2011లో తెరిచారు. నాకైతే ఇలాంటివి ఇంకో పది రావాలని ఉంది.

ప్రశ్న: నేను ఎమ్మెస్ స్టూడెంట్‌ని. మా దగ్గర మూతపడ్డ మాల్‌కి వెనక తలుపు తెరిచే ఉంది. ఫ్రెండ్స్ రాత్రిపూట లోపలికెళ్లి వీడియో తీద్దామంటున్నారు. వెళ్లొచ్చా?

జవాబు: వద్దు బాబూ. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన పిలిచినట్టు కాదు, అది ట్రెస్‌పాసింగ్. వీసా మీద ఉన్నవాడికి అరెస్ట్ రికార్డు పడితే ఆ టెన్షన్ వీడియోకి వచ్చిన లైకులతో తీరదు. పాత బిల్డింగుల్లో నేల పలకల్లో, పైపుల చుట్టూ ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండొచ్చు, పైకప్పు కారి బూజు పట్టి ఉంటుంది. ఇంకా నడుస్తున్న మాల్‌కి పగలు వెళ్లు, సగం షట్టర్లు దించి ఉన్నా హాయిగా తిరగొచ్చు. సెక్యూరిటీ వచ్చి కెమెరా ఆపమంటే ఆపెయ్, అది ప్రైవేటు స్థలం, పార్కింగ్ లాట్‌తో సహా.

ప్రశ్న: మా ఇంటి దగ్గర ప్లాజాలో ఇప్పుడు ఇండియన్ గ్రోసరీ ఉంది. అంతకుముందు అక్కడ ఏముండేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: కౌంటీ వాళ్ల ఆస్తి రికార్డులు చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, ఎప్పుడు కట్టారు, ఎప్పుడెప్పుడు చేతులు మారింది తెలుస్తుంది. గూగుల్ స్ట్రీట్ వ్యూలో పాత తేదీలు నొక్కితే కొన్ని ఊళ్లలో 2007 దాకా వెనక్కి పోవచ్చు. అంతకన్నా పాతదైతే లైబ్రరీలో పాత పేపర్లు తిరగెయ్యండి, వార్తల కన్నా ప్రారంభోత్సవం ప్రకటనలు ఎక్కువ చెబుతాయి.

అన్నిటికన్నా తేలికైన దారి, ఆ ప్లాజాలో అందరికన్నా పాత అద్దెదారుని పట్టుకోవడం. అది సాధారణంగా ఏ బార్బరో, చెప్పులు కుట్టే ఆయనో అయి ఉంటాడు. ఒకచోట అలాంటి పెద్దాయన్ని అడిగితే కత్తెర పక్కన పెట్టి బయటికొచ్చి, పక్క గోడలో ఒక చదరం మేర ఇటుకలు కొంచెం ఎర్రగా ఉండటం చూపించాడు. అక్కడ కిటికీ ఉండేదట, లోపల లంచ్ కౌంటర్. నేను అంతకుముందు మూడుసార్లు ఆ గోడని ఫొటో తీశాను, నాకు కనపడలేదు.