డోర్ షెడ్యూలు గీస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఉత్తరం చదివాను తల్లీ. నీడ లేనివాళ్ళకి, మానసిక జబ్బుల నుంచి తేరుకుంటున్నవాళ్ళకి, ఇంట్లో దెబ్బలు తిని పిల్లల్ని వెంటబెట్టుకుని బయటపడ్డ ఆడవాళ్ళకి ఇళ్ళు డిజైను చేసే ఆర్కిటెక్టుల ఆఫీసులో చేరావని తెలిసి చాలా సంతోషం వేసింది. అయితే సీనియర్లు ఎలివేషన్లు, అంటే భవనం బయటి రూపాలు, గీస్తుంటే నీకు మాత్రం డోర్ షెడ్యూళ్ళూ (ఏ తలుపు ఎలాంటిదో రాసే పట్టికలు) టాయిలెట్ డీటెయిల్సూ ఇస్తున్నారని నొచ్చుకున్నావు చూడు, ముందు ఆ సంగతే రాయాలనిపించింది. ఎలివేషను దారిన పోయేవాళ్ళు చూస్తారు. తలుపు గడియ, స్విచ్చి, కిటికీ రెక్క, కుళాయి మాత్రం లోపల ఉండేవాళ్ళు రోజూ చేత్తో పట్టుకుంటారు. సపోర్టివ్ హౌసింగులో, అంటే ఇంటితోపాటు అవసరమైన సాయం కూడా అందే ఇళ్ళ విషయంలో, నీ బల్ల మీదికి వచ్చిన పనే అసలు పని. దాన్ని వదులుకోకు.

ఆ గడప దాటి వచ్చే మనిషిని ఒకసారి ఊహించుకో. షెల్టర్లో ఉన్నన్నాళ్ళూ లైటు ఎప్పుడు ఆర్పాలో ఇంకొకరు చెప్పారు. వార్డులో ఉన్నన్నాళ్ళూ తలుపుకి బయట నుంచి గడియ పెట్టారు. వీధిలో పడుకున్న రాత్రి సంచీ తలకింద పెట్టుకోకపోతే తెల్లారేసరికి అది ఉండదు. తన ఒంటి మీద, తన వస్తువుల మీద, తన వేళల మీద ఏళ్ళ తరబడి పెత్తనం పోగొట్టుకున్న మనిషి అతను. ఆ పెత్తనాన్ని తిరిగి అతని చేతికి ఇవ్వడం మన డిజైను పని. నేను చెప్పబోయేదంతా దీనికి వివరమే.

ఈ ఆలోచన మన రంగంలోకి బయటి నుంచి వచ్చింది. వీధిలో ఉన్న మనిషి ముందు తాగుడు మానాలి, చికిత్సకి ఒప్పుకోవాలి, ఆ తరవాతే ఇల్లు అనే పద్ధతి చాలాకాలం నడిచింది. 1992లో న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త దాన్ని తిరగేశాడు. ముందు ఇల్లు, తాళం చెవి. సాయం ఆ తరవాత, అతను కోరినంత. దీన్నే హౌసింగ్ ఫస్ట్ అంటారు. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని జాతీయ విధానంగా పెట్టుకుని, వరసగా మంచాలు వేసిన షెల్టర్లను విడివిడి ఫ్లాట్లుగా మార్చుకుంటూ వచ్చింది. మనిషికి మంచం మాత్రమే ఇవ్వాలా, తలుపు కూడా ఇవ్వాలా అన్నది విధానం తేలుస్తుంది. ఆ తలుపు ఎలాంటిదన్నది నువ్వు తేలుస్తావు.

కాబట్టి తలుపు దగ్గర కాసేపు ఆగుదాం. ఫ్లాటు తలుపుని కారిడారు గోడకి సమంగా పెట్టకుండా ఓ అడుగున్నర లోపలికి జరుపు. తాళం తీసుకుంటున్న మనిషి వెనక ఎవరూ రాసుకుంటూ పోకుండా ఆ కాస్త చోటు కాపాడుతుంది. పక్కనే నడుమెత్తున ఒక చిన్న పలక బిగించు. చేతులు వణికే మనిషి సామాన్ల సంచీ దాని మీద పెట్టుకుని తీరిగ్గా తాళం తీసుకుంటాడు. బయట ఎవరున్నారో చూసే కన్ను రెండెత్తుల్లో పెట్టు, నిలబడ్డవాళ్ళకి ఒకటి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకి ఒకటి. బోల్టు పడిన సంగతి చేతికీ చెవికీ కూడా స్పష్టంగా తెలిసే తాళం ఎంచు. పడిందో లేదోనని రాత్రిళ్ళు పదే పదే లేచి చూసుకునేవాళ్ళు ఆ ఇళ్ళలో ఉంటారు. మంటలు పాకకుండా ఆపే ఫైర్ డోరు దానంతట అది మూసుకోవాలి, తప్పదు. కానీ దబ్బున మూసుకోనక్కర్లేదు. తలుపుని మూసే క్లోజరు వేగం సరిచేయించి, అంచుకి సీలు వేయించు. దెబ్బలు తిన్న పిల్లలకి ఆ చప్పుడు కేవలం చప్పుడు కాదు. బాత్రూము తలుపు బయటికి తెరుచుకోవాలి, అవసరమైతే బయట నుంచి గడియ తీయగలగాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు ఏం పనికొస్తుంది? కౌన్సెలింగు గదికి వీలైతే రెండు తలుపులు ఇవ్వు. వచ్చినవాళ్ళకీ, ఎదురుగా కూర్చున్న ఉద్యోగికీ ఎవరి దారి వాళ్ళకుంటే ఇద్దరూ నిమ్మళంగా మాట్లాడుకుంటారు. చక్రాల కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వృత్తం, తలుపుకి 900 మిల్లీమీటర్ల ఖాళీ దారి లాంటివి భవన నిర్మాణ నియమాల కోడ్‌లో ఉంటాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. నేను పైన చెప్పినవాటిలో చాలా భాగం ఏ కోడ్‌లోనూ ఉండవు, అందుకే ఇంత రాశాను.

కారిడారు దగ్గర ఇంకా గట్టిగా పట్టుపట్టు. రెండువైపులా తలుపులు, నడుమ చీకటి, చివర గోడ ఉన్న కారిడారు హాస్టలో ఆస్పత్రో జైలో గుర్తుకు తెస్తుంది. చివర్లో కిటికీ పెట్టించు. పొడుగ్గా ఉంటే మధ్యలో ఒక మలుపో, వెలుతురు పడే వెడల్పాటి చోటో ఇవ్వు. మెట్ల తలుపుకి అద్దం ఉండాలి. అడుగుపెట్టే ముందు అవతల ఎవరున్నారో కనపడాలి. మ్యాగీ కెస్విక్ జెంక్స్‌కి క్యాన్సరు తిరగబెట్టిందనీ, ఇక కొన్ని నెలలేననీ చెప్పాక ఆవిడ ఆ మాటను దిగమింగుకోవాల్సి వచ్చింది కిటికీ కూడా లేని ఒక ఆస్పత్రి కారిడారులో. ఆ అనుభవం నుంచే క్యాన్సరు ఉన్నవాళ్ళకి ఆసరాగా నిలిచే మ్యాగీస్ సెంటర్లు పుట్టాయి. ఆవిడ 1995లో పోయారు, మరుసటేడు ఎడిన్‌బరోలో మొదటిది తెరుచుకుంది. అక్కడ రిసెప్షన్ బల్ల బదులు వంటింటి బల్ల ఉంటుంది. వచ్చినవాళ్ళు కూర్చుని టీ కలుపుకోవచ్చు, మాట్లాడవచ్చు, మాట్లాడకుండా లేచిపోవచ్చు. కిటికీ విలువ మీద ఆఫీసులో ఎవరైనా వాదిస్తే రోజర్ ఉల్రిచ్ 1984లో అచ్చువేసిన పరిశోధన చూపించు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్ళు, ఇటుక గోడ కనపడినవాళ్ళకంటే త్వరగా డిశ్చార్జి అయ్యారు, గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు.

అందరూ కలిసే చోటు గీసేటప్పుడు మనవాళ్ళకి ఉత్సాహం ఎక్కువవుతుంది. పెద్ద హాలు, మెట్ల వరసలు, ఎత్తైన కప్పు. మనుషుల్ని నమ్మి చెడిపోయినవాళ్ళు అలాంటి చోటికి నేరుగా నడిచి రారు. వాళ్ళకి అంచులు కావాలి. గోడకి వీపు ఆనించి కూర్చుని లోపల ఏం జరుగుతోందో చూసే బెంచీ, ఎవరూ పలకరించకుండా దాటిపోయే పక్కదారి, నచ్చకపోతే తిరిగి వెళ్ళడానికి రెండో వాకిలి. సైకిలు నేర్చుకునే పిల్లవాడు గోడ పట్టుకుని మొదలుపెట్టినట్టు వీళ్ళు కూడా అంచునుంచే మొదలుపెడతారు. బట్టలుతుక్కునే గదిని బేస్‌మెంటులో పడేయకు. దాన్ని పిల్లలు ఆడుకునే చోటు కనపడేలా, దారిలో, కిటికీ ఉన్నచోట పెట్టు. ఎవరో ఒకరితో పనిపడి కూర్చోవడం, కలవడానికని పిలిస్తే రావడం కన్నా చాలా తేలిక. లాస్ ఏంజెలిస్‌లో నీడ లేనివాళ్ళ కోసం మైకేల్ మాల్ట్జన్ డిజైను చేసిన స్టార్ అపార్ట్‌మెంట్స్ ప్లాన్లు తీసి చూడు. పాత ఒంటి అంతస్తు భవనం మీద ఫ్యాక్టరీలో తయారైన 102 ఇళ్ళను పేర్చారు. ఆ రెంటికీ నడుమ వంటగది, తోట, నడక దారి ఉన్న అంతస్తు ఒకటి వదిలారు. వీధి సందడికి పైన, ఇంటి ఏకాంతానికి కింద. ఎంత దూరం దిగాలో ఉన్నవాళ్ళే తేల్చుకుంటారు.

మంచి ఉద్దేశంతో గీసిన ఉమ్మడి చోటు కూడా ఎలా బెడిసికొడుతుందో తెలుసుకోవాలంటే ప్రూయిట్-ఐగో కథ చదవాలి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మినోరు యమసాకి డిజైను చేసిన ప్రభుత్వ అద్దె ఇళ్ళవి, పదకొండు అంతస్తుల భవనాలు, మొత్తం 33. డబ్బు కలిసొస్తుందని లిఫ్టు 1, 4, 7, 10 అంతస్తుల్లోనే ఆగేట్టు పెట్టారు. ఆగినచోట ఉన్న గ్యాలరీల్లో ఇరుగుపొరుగు కలుస్తారనుకున్నారు. మిగతా అంతస్తులవాళ్ళు ఎవరి కంటికీ ఆనని మెట్లు ఎక్కి దిగాల్సివచ్చింది, ఆ మెట్లూ గ్యాలరీలూ భయపడే చోట్లయ్యాయి. 1972లో కూల్చడం మొదలైంది. తప్పంతా డిజైనుదేనని చెప్పేవాళ్ళ మాట మాత్రం నేను ఒప్పుకోను. మరమ్మతుల ఖర్చు అద్దెల్లోంచే రావాలన్నారు. ఊళ్ళో జనం తగ్గి ఇళ్ళు ఖాళీ అయినకొద్దీ అద్దె తగ్గింది, లిఫ్టులు బాగుచేసే డబ్బు లేకుండా పోయింది. కట్టడానికి ఎంతవుతుందని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. నడపడానికి ఏడాదికెంత, ఎవరిస్తారు అని మొదటి మీటింగులోనే నువ్వు అడుగు. చిన్నదానివని వెనకాడకు.

అందుకే ఊడ్చేవాళ్ళతో, వాచ్‌మన్‌తో, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళతో ప్రత్యేకంగా కూర్చో. బకెట్టు నింపుకునే కుళాయి ఎక్కడుంది, బల్బు మార్చాలంటే ఎంత నిచ్చెన కావాలి, చెత్త ఎటునుంచి పోతుంది, పగిలిన టైలుకి జోడు దొరుకుతుందా. వాళ్ళకి కూడా తలుపు మూసుకుని పది నిమిషాలు కూర్చునే గది ఉండాలి. రోజంతా ఇతరుల బాధ వినేవాళ్ళు వాళ్ళు.

‘పాడుచేస్తారు, స్టీలు పెట్టండి’ అనే మాట ప్రతి ప్రాజెక్టులోనూ వస్తుంది. గట్టి వస్తువే ఎంచు, కానీ గట్టిగా ఉండటం వేరు, అనుమానంగా ఉండటం వేరు. నేలకి బిగించిన కుర్చీ, వైరు పంజరంలో దీపం, స్టీలు కమోడు చూడగానే తన మీద నమ్మకం లేదని అర్థం కానిదెవరికి? మందపాటి చెక్క, బరువైన కుర్చీ, మరక పడితే మళ్ళీ రంగు వేసుకోగల గోడ కూడా ఏళ్ళు నిలుస్తాయి. ప్రాణాపాయం ఉన్నచోట, అంటే ఆత్మహత్య ప్రమాదం ఉన్న వార్డుల్లాంటివాటిలో నియమాలు వేరు, అక్కడ నిపుణుల మాట అక్షరాలా పాటించు. ఆ నియమాలను మామూలు ఇంటి మీదికి తేనివ్వకు.

ఉండబోయేవాళ్ళని అడగడం గురించి. ‘మీకెలాంటి ఇల్లు కావాలి’ అని అడిగితే ఎవరికైనా నోట మాట రాదు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పమని అడుగు. మందులు ఎక్కడ పెట్టుకుంటారు, ఫోను ఎక్కడ ఛార్జి చేస్తారు, ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెడతారు. నేల మీద టేపుతో గది కొలతలు అతికించి అందులో నడవమను. మంచం ఎటు తిప్పుతారో చూడు, చాలామంది తలుపు కనపడేలా వేసుకుంటారు. అలాంటప్పుడు స్విచ్చి చేతికందాలి. వాళ్ళు ఇచ్చిన సమయానికి డబ్బు ఇప్పించు, నీ సమయానికి ఇస్తున్నట్టే. మార్చలేనివి ఏవో ముందే చెప్పేయి. ఆర్కిటెక్టు రాల్ఫ్ ఎర్స్‌కిన్ ఇంగ్లండులో న్యూకాసిల్‌లోని బైకర్ పేటను తిరిగి కట్టేటప్పుడు ఆఫీసుని అక్కడే, మూతపడిన ఒక అంత్యక్రియల దుకాణంలో తెరిచాడు. జనం ఏ పనిమీదైనా తోసుకుని లోపలికి వచ్చేవారు. నీకు ఆఫీసు తెరిచే శక్తి ఇప్పుడు లేదు, కనీసం సైటు పక్కన వారానికో పూట కూర్చునే వీలు అడుగు.

పక్క వీధివాళ్ళు వద్దంటారు. వాళ్ళ భయాన్ని వెక్కిరించకు. వేదిక ఎక్కి ప్రసంగించే బదులు, ఇప్పటికే నడుస్తున్న అలాంటి భవనానికి నలుగురిని తీసుకెళ్ళు.

ఖర్చు తగ్గించే మీటింగు రానే వస్తుంది. అప్పుడు మొదట పోయేవి బెంచీలు, చెట్లు, కారిడారు కిటికీలు. కాబట్టి వదులుకోలేనివాటిని స్ట్రక్చర్లో కలిపెయ్యి. కిటికీ కింద బెంచీ ఫర్నిచర్ లిస్టులో ఉంటే గీత కొట్టేస్తారు. అదే గోడలో భాగంగా కాంక్రీటుతో పోస్తే నిలుస్తుంది. డబ్బు చాలనప్పుడు ఏది ముందు కట్టాలన్నది తేల్చుకోవడమే పెద్ద నైపుణ్యం. చిలీలో ఈకీకె ఊళ్ళో కింటా మొన్రాయ్ అనే పేదల ఇళ్ళ కాలనీ కట్టినప్పుడు కుటుంబానికి 7,500 డాలర్ల సబ్సిడీలోనే స్థలం, ఇల్లు అన్నీ కావాలి. ఆర్కిటెక్టు అలెహాంద్రో అరవేనా బృందం వంటిల్లు, స్నానాల గది, మెట్లు, ఇళ్ళ నడిమి గోడలు, అంటే మామూలు మనిషి సొంతంగా కట్టుకోలేనివి ముందు కట్టి, మిగతా సగం ఆ కుటుంబాలకే వదిలింది. ఇండోర్‌లో అరణ్య కాలనీకి ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషీ దానికి ముందే ఇలాంటి దారే పట్టారు. పునాది, నీళ్ళు, మరుగుదొడ్డి ముందు, గదులు వీలునుబట్టి. అయితే ఇంటి మీద కష్టపడే ఓపిక లేనివాళ్ళకి సగం ఇల్లు ఇవ్వడం అన్యాయమని నా అభిప్రాయం. జబ్బు నుంచి లేస్తున్న మనిషికి మొదటి రోజే పూర్తి ఇల్లు ఉండాలి, మంచం మీద దుప్పటితో సహా.

చివరగా ఒక పని అడుగుతాను. భవనం అప్పగించిన ఏడాదికి, ఎవరు పంపినా పంపకపోయినా, అనుమతి తీసుకుని అక్కడికి వెళ్ళు. మనుషుల ఫొటోలు తీయకు. ఏ తలుపుకి ఇటుక అడ్డం పెట్టారు, ఏ కిటికీ అద్దానికి కాగితం అంటించారు, కుర్చీలు ఎక్కడినుంచి ఎక్కడికి లాక్కెళ్ళారు, ఏ గోడ మీద చేతిరాత నోటీసులు ఎక్కువున్నాయి, ఇవన్నీ ప్లాను కాపీ మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి తరవాతి ప్రాజెక్టు టీముకి ఇవ్వు. ఇప్పుడు గీస్తున్న డోర్ షెడ్యూలు, రెండు ఫ్లాట్ల ప్లాన్లు నాకు పంపు. వారంలోగా చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు