పటంలో 400 ఎకరాలు, తీరా చూస్తే ఎన్ని?

ప్రశ్న: మా నగర మాస్టర్‌ప్లాన్‌లో పరిశ్రమల కోసం 400 ఎకరాలు ఖాళీగా ఉంది. వచ్చిన కంపెనీలు చూసి వెళ్లిపోతున్నాయి. ఇంకో 500 ఎకరాలు సేకరిస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: సేకరణ మాట తర్వాత. ముందు ఆ 400 ఎకరాలూ కాలినడకన తిరగండి. ప్రతి ముక్క దగ్గరా ఒకటే అడగండి: ఒప్పందం కుదిరిన ఆరు నెలల్లో ఇక్కడ పునాది తవ్వగలరా? టైటిల్ తగాదా, వరద ముంపు, కరెంటు లేకపోవడం, లారీ తిరగలేని మలుపు... ఏ ఒక్కటి ఉన్నా ఆ ముక్కను నేటి లెక్కలోంచి తీసేయండి. మిగిలింది చూస్తే, కంపెనీలు ఎందుకు వెళ్లిపోతున్నాయో మీకే తెలుస్తుంది.

వాలును చాలామంది పట్టించుకోరు. 3 శాతం వాలు కంటికి ఆనదు. కానీ దాని మీద 200 మీటర్ల షెడ్డు వేస్తే ఈ చివరికీ ఆ చివరికీ 6 మీటర్ల తేడా, అంటే దాదాపు రెండంతస్తులు! ఒకవైపు తవ్వి, రెండోవైపు పోసి, అడ్డుగోడ కట్టేసరికి చవగ్గా దొరికిన నేల కాస్తా ఖరీదైనదవుతుంది. పోసిన మట్టిని పొరలుపొరలుగా రోలర్‌తో గట్టిపరచకపోతే యంత్రాల బరువుకు ఫ్లోరు కుంగుతుంది.

కరెంటు ఇంకా పెద్ద చిక్కు. రోడ్డు ఏడాదిలో వేయొచ్చు. కొత్త సబ్‌స్టేషన్‌కు అంతకు మించి పడుతుంది. అందుకే దాని పని ముందు మొదలుపెట్టాలి.

ప్రశ్న: 5,000 ఉద్యోగాలకు ఎంత భూమి కావాలి?

జవాబు: ఏ ఉద్యోగాలు? తేలికపాటి తయారీ అయితే మనిషికి సుమారు 40 చదరపు మీటర్ల ఫ్లోరు అనుకోండి. మొత్తం 2,00,000 చదరపు మీటర్లు. ఒకే అంతస్తు షెడ్డు ప్లాటులో 40 శాతమే ఆక్రమిస్తుంది. మిగతాది లారీలు, పార్కింగ్, సరుకు దించడం. కాబట్టి ప్లాట్లకే 50 హెక్టార్లు. రోడ్లు, కాలువలు, సబ్‌స్టేషన్, పచ్చదనం కలిపి 30 శాతం పోతుందనుకుంటే మొత్తం 71 హెక్టార్లు, అంటే దాదాపు 176 ఎకరాలు. వచ్చినవాళ్లకు నాలుగు ప్లాట్లు చూపాలి కదా, ఇంకో 20 శాతం కలపండి. అదే గోదాములైతే మనిషికి 80 చదరపు మీటర్లు వేసుకోవాలి. భూమి రెట్టింపు, ఉద్యోగాలు అవే. 'పెట్టుబడి వచ్చింది' అని సంబరపడేముందు ఈ తేడా చూసుకోవాలి.

ప్రశ్న: అన్నీ చిన్న ప్లాట్లుగా కోసి అమ్మేస్తే త్వరగా అయిపోతాయి కదా?

జవాబు: అయిపోతాయి, అదే ప్రమాదం. చిన్న ప్లాట్లు చాలా కావాలి, నిజమే. కానీ ఒక 15 హెక్టార్ల ముక్కనైనా కోయకుండా ఉంచండి. మధ్యలో రోడ్డు, కాలువ, పైపులైను పడ్డాక నాలుగు ప్లాట్లను మళ్లీ ఒకటి చేయడం దాదాపు జరగని పని. పొడవాటి ట్రైలర్ లారీలు వెనక్కి వచ్చి డాక్‌కు (సరుకు ఎక్కించి దించే అరుగుకు) ఆనాలంటే ముందు సుమారు 35 మీటర్ల ఖాళీ కావాలి. ఇరుకు ప్లాటులో అది కుదరక లారీలన్నీ రోడ్డు మీదే నిలబడతాయి.

ఇక కొని ఖాళీగా ఉంచేవాళ్ల సంగతి. లీజు ఇవ్వండి, లేదా రెండేళ్లలో పని మొదలుపెట్టకపోతే అమ్మిన ధరకే వెనక్కి తీసుకునే షరతు దస్తావేజులోనే రాయించండి.

ప్రశ్న: పాత ఫ్యాక్టరీల పక్కన అపార్ట్‌మెంట్లు కడతామంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇళ్ల స్థలానికి ధర ఎక్కువ. ఒక్కరికి అనుమతిస్తే చుట్టుపక్కల యజమానులంతా తమకూ వస్తుందని ఆశపడి ఫ్యాక్టరీలకు లీజు పొడిగించరు. కొత్తగా దిగినవాళ్లేమో రాత్రి లారీల మోత మీద ఫిర్యాదు చేస్తారు. చికాగో ఈ ఒత్తిడి తట్టుకోలేకే 1988లో క్లైబర్న్ ప్రాంతాన్ని తయారీకి ప్రత్యేకించి, ఇళ్లను నిషేధించింది. 2017లో ఆ రక్షణను ఎత్తేసింది. అంటే గీత గీయడంతో పని అయిపోదు. ప్రతి మాస్టర్‌ప్లాన్ సవరణలోనూ దాన్ని కాచుకోవాల్సిందే.